కోళ్ల బిందె

ఇంట్లో ఉండే ప్రాణులలో ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా తన దప్పికను తెలుపుతుంది. పసిబిడ్డ ఏడుస్తుంది. గేదె పలుపు గుంజుతూ అరుస్తుంది. మేక మనిషి కనబడగానే మెడ చాచి పిలుస్తుంది. పిల్లి కాళ్ల చుట్టూ తిరుగుతుంది. కోడి మాత్రం అడగదు. గింజలు చల్లే చేయి కనబడితే పరుగున వచ్చే కోడి, నీటి గిన్నె ఎండిపోయినప్పుడు వచ్చి మన ఎదుట అరవదు. దప్పిక పెరిగేకొద్దీ దాని సందడి తగ్గుతుంది. గోడ నీడన ఒదిగి, రెక్కలు వదులు చేసి, కళ్లు సగం మూసి నిలబడుతుంది. చూచేవారికి అది విశ్రాంతి తీసుకుంటున్నట్లే ఉంటుంది. అందువల్లనే కోళ్లను పెంచే ఇళ్లలో మేత మరచిపోవడం అరుదు, నీరు మరచిపోవడం సాధారణం.

మేము ఇద్దరం తోటికోడళ్లం. కర్నూలు జిల్లా పడమటి భాగాన, ఆదోని ప్రాంతంలోని ఒక మెట్ట పల్లెలో మాది ఉమ్మడి కాపురం. అత్తమ్మ, మామయ్య, మా ఇద్దరి భర్తలు, ముగ్గురు పిల్లలు, మేము, మొత్తం 9 మందిమి. పెరట్లో 14 పెట్టలు, 2 పుంజులు ఉండేవి. వాటి గుడ్ల మీద వచ్చే డబ్బు ఇంటి ఖర్చులో కలవదు. అది మా పెద్దమ్మాయి చదువు కోసం ప్రత్యేకించినది. ఆమె ఆదోనిలో ఇంటర్మీడియట్ చదువుతున్నది. బస్సు పాసు, పుస్తకాలు, పరీక్ష రుసుము ఆ గుడ్ల మీదనే నడుస్తున్నాయి. కనుక కోళ్లు మాకు కాలక్షేపం కావు. అవి ఒక ఆడపిల్ల చదువుకు ఆసరా.

ఈ కోళ్లను సాకుతూ మేము తెలుసుకున్న విషయాలను, ముఖ్యంగా నీటి విషయాన్ని, మా వంటి గృహిణులతో పంచుకోవాలన్నదే ఈ రచన ఉద్దేశం. మేతను గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నీటిని గురించి చెప్పేవారు తక్కువ.

గుడ్డులో ముప్పాతిక వంతు నీరే

కోడి శరీరంలో సగానికి మించి నీరే ఉంటుంది. అది పెట్టే గుడ్డులో దాదాపు ముప్పాతిక వంతు నీరే. తెల్లసొన అయితే చాలావరకు నీరే, పచ్చసొనలో కూడా సుమారు సగం నీరుంటుంది. అంటే గుడ్డు పెట్టే ప్రతి పెట్ట మనకు గుడ్డు రూపంలో నీటిని తిరిగి ఇస్తున్నది. మనం పోయని నీటిని అది ఎక్కడి నుండి తేగలదు? ఒక్క పూర్తి దినం నీరు అందకపోతే ఆ పెట్ట గుడ్లు మానేయవచ్చు. తిరిగి మొదలుపెట్టడానికి రోజులు, ఒక్కొక్కసారి వారాలు పడుతుంది. కొన్ని పెట్టలు ఆ దెబ్బకు ఈకలు కూడా రాల్చుకుంటాయి. ఒక పూట ఎండిన గిన్నె నెల గుడ్లను మింగివేస్తుందని మా అత్తమ్మ అనే మాటలో అతిశయోక్తి లేదు.

మేతకూ నీటికీ ఉన్న సంబంధం కూడా గమనించదగినది. కోడికి పళ్లు లేవు. అది మింగిన గింజ ముందుగా మెడ కింద ఉండే మేత సంచిలో చేరుతుంది. అక్కడ నీటితో నాని మెత్తబడిన తరువాతనే లోపలికి జారి, కందనకాయలో నలుగుతుంది. నీరు లేకపోతే జొన్నలు, సద్దలు ఆ సంచిలోనే గట్టిపడి కూర్చుంటాయి. కోడి మేత మానేసిందంటే గింజలు నచ్చలేదని అనుకోకూడదు. మొట్టమొదట నీటి గిన్నె చూడాలి. మామూలు వాతావరణంలో కోడి తాను తినే మేతకు సుమారు రెట్టింపు తూకం నీరు తాగుతుంది. ఎదిగిన పెట్టకు రోజుకు 200 నుండి 250 మిల్లీలీటర్లు, అనగా ఒక పెద్ద గ్లాసెడు, కావాలి. మండు వేసవిలో అది రెట్టింపై అర లీటరుకు చేరుతుంది.

వేసవిలో అంత ఎందుకు? మనకు వలె కోడికి చెమట పట్టదు. దాని చర్మంలో చెమట గ్రంథులు లేవు. అది తన వేడిని తురాయి ద్వారా, గొంతు కింద వేలాడే ఎర్రని తోలు ద్వారా, రెక్కలు ఎత్తి ఒంటికి గాలి తగలనిచ్చి కొంత పోగొట్టుకుంటుంది. అది చాలనప్పుడు నోరు తెరిచి రొప్పుతుంది. ఆ రొప్పుతో నోటిలోని, గొంతులోని తడి ఆవిరై శరీరం చల్లబడుతుంది. కోడి సహజ దేహోష్ణత సుమారు 41 డిగ్రీలు. మా ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం గాలి వేడి అంతకు మించిపోయే రోజులున్నాయి. బయటి గాలి తన ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు తురాయి, రెక్కలు ఏమీ చేయలేవు. ఆవిరి కావడానికి ఒంట్లో తడి ఉంటేనే ప్రాణం నిలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోళ్లు పగిలే ఎండలో కోడికి ఉన్న ఏకైక ఆయుధం నీరు.

అదే రొప్పు గుడ్డు మీద కూడా ప్రభావం చూపుతుంది. ఎక్కువగా రొప్పే పెట్ట గుడ్డుకు పెంకు పలచబడుతుంది. వేసవిలో చేతిలోకి తీసుకోగానే చిట్లిపోయే గుడ్లు కనబడితే, సున్నం తక్కువైందని మాత్రమే అనుకోకుండా, పెట్ట ఎంత వేడిని భరిస్తున్నదో కూడా ఆలోచించాలి.

దప్పిక ఎవరి బాధ్యత?

దాహంతో ఉన్న జంతువును గురించి మన ఇళ్లలో పిల్లలకు చెప్పే వృత్తాంతాలు రెండున్నాయి. రెండూ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నవే. ఒకదానిలో, దారిన పోయే మనిషి ఒకడు దప్పికతో తడిమట్టిని నాకుతున్న కుక్కను చూచి, బావిలోకి దిగి తన మేజోడులో నీరు నింపి తెచ్చి దానికి తాపుతాడు. ఆ పనికి అల్లాహ్ అతని పాపాలను క్షమిస్తాడు. రెండవదానిలో, ఒక స్త్రీ పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, తన తిండి తాను వెదుక్కునేందుకు వదలక చంపినందున శిక్షకు గురి అవుతుంది.

ఈ రెండింటినీ మేము చిన్ననాటి నుండి విన్నాము. కాని కోళ్లను గూటిలో పెట్టి సాకడం మొదలైన తరువాతనే వీటి మధ్య ఉన్న తేడా మాకు స్పష్టంగా తోచింది. ఆ కుక్క ఎవరిదీ కాదు. దానికి నీరు పోయకపోయినా ఆ మనిషిని ఎవరూ అడిగి ఉండేవారు కాదు. అందువల్ల అతని పని దయ అయింది. ఆ పిల్లి మాత్రం బంధించబడినది. దాని కాళ్లకు స్వేచ్ఛ లేనప్పుడు దాని ఆకలిదప్పులు బంధించిన చేతి మీదికి వచ్చాయి. అక్కడ నీరు పోయడం దయ కాదు, బాధ్యత. పోయకపోవడం లెక్క అడగబడే విషయం.

పూర్వం మా ఊరి కోళ్లు స్వేచ్ఛగా తిరిగేవి. గేదెల తొట్టి దగ్గర, బావి పళ్లెం దగ్గర, వాన నిలిచిన గుంటలో వాటి నీటిని అవే చూచుకునేవి. ఇప్పుడు బావులు పూడిపోయాయి. వీధి కుక్కలు పెరిగాయి. పొరుగువారి ఆకుకూరల మడిలో మన కోడి కాలు పెడితే మాట వస్తుంది. అందుకని కంచె కట్టి, వల బిగించి, గూటి తలుపు వేశాము. ఆ తలుపు వేసిన క్షణాననే కోడి దప్పిక మన బాధ్యతల జాబితాలోకి వచ్చింది. మా అత్తమ్మ దీనిని సూటిగా ఒక్క మాటలో చెబుతుంది: “గడియ పెట్టిన చేతే గిన్నె నింపాల.”

ఇంకొక విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలో కోడి తాగి వదిలిన నీటిని గురించిన చర్చలో విచ్చలవిడిగా తిరిగే కోడిని వేరుగా పేర్కొన్నారు. ముక్కుతో మురికిని కెలికే కోడి ఎంగిలి నీరు వుజూకు అయిష్టకరమైనది. శుభ్రమైన చోట ఉంచి సాకే కోడి విషయం వేరు. అందుచేత కోళ్ల నీటి పాత్ర వేరుగా ఉండాలి, వుజూ చేసే తొట్టి దరికి కోడి రాకుండా చూడాలి. మురికి కాలువలో తాగే కోడి మన పళ్లెంలోకి కూడా రావలసినదే కదా! మా ఇంట్లో బయట తిరిగిన కోడిని జబహ్ చేయదలచినప్పుడు మూడు రోజులు ముందుగా కట్టివేసి, శుభ్రమైన మేత, శుభ్రమైన నీరు ఇవ్వడం పెద్దల నాటి నుండి వస్తున్న ఆనవాయితీ. జబహ్‌కు ముందు నీరు చూపడం కూడా మానము.

పాత్ర, చోటు, వేళ

నీరు పోశాము అనడం వేరు, కోడి తాగింది అనడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించేవి మూడు: పాత్ర, చోటు, వేళ.

కోడి మనవలె నీటిని పీల్చలేదు. ముక్కుతో నీటిని తీసుకుని, తల పైకెత్తి, గొంతులోకి జారనిస్తుంది. ఒక్కొక్క గుక్కకు కొద్దిపాటి నీరే దిగుతుంది కనుక అది పదే పదే తాగాలి. అందుచేత నీరు రోజంతా అందుబాటులో ఉండాలి. పొద్దున ఒకసారి పోసి సాయంత్రం ఒకసారి పోయడం చాలదు. లోహపు గిన్నె ఎండకు కాగుతుంది. కాగిన నీటిని కోడి ముట్టదు. రుచి విషయంలో కోడి అంత పట్టించుకోకపోవచ్చు గాని, నీటి వేడిని మాత్రం బాగా గుర్తిస్తుంది. ఎండలో నిండుగా ఉన్న గిన్నె పక్కనే కోడి దప్పికతో పడిపోవచ్చు. కుమ్మరి చేసిన మట్టి మూకుడు ఇందుకు శ్రేష్ఠం. దాని ఒంటి నుండి నీరు చెమ్మగిల్లి ఆవిరవుతూ లోపలి నీటిని చల్లగా ఉంచుతుంది.

మూకుడులో నీరు త్వరగా మురికి అవుతుందనుకునేవారు ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒక వెడల్పు పళ్లెం తీసుకోవచ్చు. డబ్బా మూతి దగ్గర, పళ్లెం అంచుకన్నా తక్కువ ఎత్తులో ఉండేట్లు ఒక చిన్న రంధ్రం చేయాలి. డబ్బాను నీటితో నింపి, పళ్లెం మూసి, రెండింటినీ కలిపి బోర్లించాలి. రంధ్రం మునిగే వరకు నీరు పళ్లెంలోకి వచ్చి ఆగిపోతుంది. కోళ్లు తాగి మట్టం తగ్గగానే రంధ్రం గుండా గాలి లోపలికి పోయి, మళ్లీ అంతే నీరు దిగుతుంది. ఖర్చు లేని ఈ ఏర్పాటు ఇల్లాలి పనిని సగం తగ్గిస్తుంది. కాని డబ్బాను తప్పనిసరిగా నీడలో ఉంచాలి.

పాత్రను నేల మీద పెట్టకూడదు. కోళ్లు కాళ్లతో మట్టిని, రెట్టను అందులోకి ఎగజిమ్ముతాయి. రెండు ఇటుకల మీద, కోడి వీపు ఎత్తుకు అంచు వచ్చేట్లు పెడితే నీరు శుభ్రంగా ఉంటుంది. పాత్ర చుట్టూ నేల బురద కాకుండా చూడాలి. తడిసిన వరిపొట్టులో కోడిపిల్లలకు రక్త విరేచనాల జబ్బు కలిగించే క్రిములు పెరుగుతాయి. రోజూ పాత్రను కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. పాకుడు పట్టిన పాత్రలో కొత్త నీరు పోయడం, ఎంగిలి పళ్లెంలో అన్నం వడ్డించడం వంటిదే. కొక్కెర తెగులుకు టీకా మందును నీటిలో కలిపి ఇచ్చేటప్పుడు బ్లీచింగు కలిసిన కుళాయి నీటిని వాడరాదు. ఆ మందులోని పనితనం చచ్చిపోతుంది. ఏ నీటిలో, ఎంత కలపాలో పశువైద్య సిబ్బందిని అడిగి చేయాలి.

ఇంటికి ఒకే పాత్ర ఉంటే న్యాయం జరగదు. కోళ్లలో పెద్దరికం ఉన్నది. బలమైన పెట్ట పాత్ర దగ్గర నిలబడి, బలహీనమైన పెట్టను పొడిచి తరుముతుంది. దూరం నుండి చూస్తే అన్నీ తాగినట్లే కనబడుతుంది. పొద్దుగూకే వేళ ఒక పెట్ట మాత్రం దప్పికతోనే గూడు చేరుతుంది. అందువల్ల మేము ఒకదాని నుండి ఒకటి కనబడని రెండు చోట్ల, ఒకటి వేపచెట్టు మొదట, ఒకటి గూటి వెనుక, మూకుళ్లు పెట్టాము. పొదిగే పెట్ట 21 రోజులలో దినానికి ఒకటి రెండు సార్లు మాత్రమే గుడ్ల మీద నుండి లేస్తుంది. దానికి దగ్గరలో వేరే గిన్నె ఉండాలి. అప్పుడే పుట్టిన పిల్లకు లోపల మిగిలిన పచ్చసొన ఒకటి రెండు రోజులు ఆహారమవుతుంది గనుక గింజలకు తొందర లేదు, నీటికి మాత్రం తొందర ఉన్నది. పిల్లల గిన్నె లోతు లేనిదై ఉండాలి. అందులో నాలుగు గులకరాళ్లు వేస్తే పిల్ల జారి మునిగిపోదు.

ఇక వేళ. కోళ్లు ఉదయం గూటి నుండి దిగగానే, సాయంత్రం గూడు చేరే ముందు ఎక్కువగా తాగుతాయి. చీకటిలో తాగవు. మా ఇంట్లో దీనికి గడియారం చూడము, అజాన్ చాలు. ఫజ్ర్ తరువాత పాత్రలు కడిగి నింపడం, జుహర్‌కు ముందు వేడెక్కిన నీరు మార్చడం, అస్ర్ తరువాత మళ్లీ నింపడం. ఫజ్ర్ వంతు ఒకరిది, అస్ర్ వంతు ఒకరిది, జుహర్ వంతు పిల్లలది. వంతు ఉన్న పని మరుగున పడదు. మధ్యాహ్నం పారబోసే నీరు వృథా కాదు, వేపచెట్టు పాదులోకి పోతుంది. మేతను ఎండలో కాక చల్లని వేళల్లో వేస్తాము, ఎందుకంటే మేత అరగడం కూడా ఒంట్లో వేడి పుట్టిస్తుంది. మధ్యాహ్నం తడిపిన తవుడు, పుచ్చకాయ తొక్కలు, దోసకాయ ముక్కలు వేస్తే వాటితో కూడా కొంత నీరు అందుతుంది.

వడదెబ్బ తగిలి కోడి కూలబడితే నోరు తెరిచి నీరు పోయడం ప్రమాదకరం. అది శ్వాసనాళంలోకి పోవచ్చు. నీడకు చేర్చి, కాళ్లను చల్లని నీటిలో ఉంచి, ముక్కు కొనకు చుక్క చుక్కగా తడి తగిలించాలి. తనంతట తాను మింగడం మొదలుపెడితే గండం గడిచినట్లే. అటువంటప్పుడు నీటిలో ఉప్పు ఊహ కొద్దీ కలపకూడదు. ఉప్పు ఎక్కువైతే కోడికి విషమవుతుంది. లవణాల పొడి అవసరమైతే వైద్యుడు చెప్పిన కొలతలోనే ఇవ్వాలి.

టాంకరు వచ్చిన వేసవి

ఇంతవరకు చెప్పినవన్నీ నీరున్న ఇంటికి సరిపోతాయి. నీరు లేనప్పుడు ఏమి చేయాలి? ఒక వేసవి మమ్మల్ని ఈ ప్రశ్న ముందు నిలబెట్టింది.

ఆ యేడు ఏప్రిల్ నెలకే ఊరి మంచినీటి బోరు అడుగంటింది. కుళాయిలు ఆగిపోయాయి. రోజు విడిచి రోజు టాంకరు వచ్చేది. ఇంటికి 12 బిందెలు. స్నానాలకు, బట్టలకు ఉప్పు బోరు ఉన్నది గాని, ఆ నీరు నోట పెట్టుకోలేము. తాగడానికి, వంటకు, 9 మందికి రెండు రోజులపాటు ఆ 12 బిందెలే. అందులో కోళ్లకు ఎంత?

మేము లెక్క వేశాము. 16 కోళ్లకు తలకు అర లీటరు చొప్పున 8 లీటర్లు. మధ్యాహ్నం మార్చేది, ఆవిరయ్యేది, ఒలికేది కలిపితే రోజుకు ఒక బిందె. అంటే 12 బిందెల్లో 2 కోళ్లకే. ఆరింట ఒక వంతు.

టాంకరు దగ్గర వరుసలో నిలుచున్నప్పుడు పొరుగింటి పెద్దమ్మ ఒకరు ఆ మాట అననే అన్నారు: “మనుషులకే గొంతు తడవని కాలం. కోళ్లకు బిందె పోస్తారంట కదమ్మా మీరు!” ఆమె మాటలో అసూయ లేదు. ఆమె ఇంట్లో ఇద్దరు పసిపిల్లలున్నారు. ఆ మాట మమ్మల్ని రాత్రంతా బాధించింది. మా వాటాకు మించి మేము ఒక్క చెంబు కూడా తీసుకోలేదన్నది నిజమే. కాని న్యాయం వాటాతో ముగిసిపోదు కదా.

ఆ రాత్రి ఇషా తరువాత ఇంట్లో అందరం కూర్చున్నాము. మా మరిది ఉప్పు బోరు నీరు కోళ్లకు పోయవచ్చునేమో అన్నాడు. ఉప్పదనం ఎక్కువైన నీటితో కోళ్లకు రెట్ట నీళ్లగా అవుతుందనీ, దప్పిక తీరకపోగా పెరుగుతుందనీ, మనం తాగలేని నీరు వాటికి కూడా పోయవద్దనీ పశువైద్యశాలలో అంతకు ముందే చెప్పి ఉన్నారు. గూడు తెరిచి వదిలేస్తే వాటి దారి అవి చూచుకుంటాయన్నది రెండవ ఆలోచన. చుక్క నీరు లేని ఊరిలో అవి పోయేది మురికి కాలువకే, లేకపోతే కుక్కల నోటికే. నీటిని సగం చేసి, అన్నింటినీ ఎలాగో నెట్టుకురావచ్చునన్నది మూడవది. ఈ మూడవది వినడానికి తేలికగా తోచింది. కాని సగం నీరు అంటే అన్నిటికీ సగం అందదు. బలమైనవి తాగుతాయి, బలహీనమైనవి చస్తాయి. అప్పుడు ఏ కోడి చావాలో మనం నిర్ణయించకపోయినా, చావును మాత్రం మనమే నిర్ణయించినట్లవుతుంది.

అంతవరకు మౌనంగా ఉన్న మామయ్య చివరకు అన్నాడు: “నీళ్లు తగ్గించేది కాదమ్మా. కోళ్లను తగ్గించండి. ఎన్నింటికి కడుపునిండా పోయగలమో అన్నింటినే ఉంచుకుందాం.”

మా పెద్దమ్మాయి అక్కడే కూర్చుని ఉన్నది. కోళ్లు తగ్గితే గుడ్లు తగ్గుతాయి, గుడ్లు తగ్గితే ఆమె రెండవ సంవత్సరం పుస్తకాల డబ్బు తగ్గుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. “పాత పుస్తకాలు దొరుకుతాయిలే పిన్నీ” అని ఆమే ముందుగా అన్నది.

తుంగభద్ర దిగువ కాలువ కింది ఊరిలో మా ఆడబిడ్డ ఇల్లున్నది. వారి దొడ్డి బావిలో నీరు ఎండదు. మరునాడే 5 పెట్టలను, ఒక పుంజును గంపలో పెట్టి అక్కడికి పంపాము. ఎండ ఎక్కకముందే, గంపను తడిగోనెతో కప్పి, ఫజ్ర్ కాగానే బయలుదేరదీశాము. మిగిలినవి 9 పెట్టలు, ఒక పుంజు. వాటికి రోజుకు 5 లీటర్లు తాగడానికి, మరొక రెండు మూడు లీటర్లు మార్చడానికి చాలును. ఒక బిందె కాస్తా ముప్పావు బిందె కన్నా తక్కువయింది. రెండు రోజులకు మిగిలిన అర బిందెకు పైబడిన నీటిని పొరుగింటి పెద్దమ్మ పసిపిల్లల కోసం పంపాము. ఆమె మొదట వద్దన్నది, తరువాత తీసుకున్నది.

నీటి పొదుపు కూడా ఆ వేసవిలోనే నేర్చుకున్నాము. వుజూ చేసేటప్పుడు కింద ఒక తట్ట పెట్టి ఆ నీటిని పట్టేవాళ్లం. పుక్కిలించిన నీరు కలిసి ఉంటుంది గనుక అది కోళ్లకు తాగడానికి పోసేవాళ్లం కాదు. గూటి మీద కప్పిన గోనెపట్టాలను దానితో తడిపేవాళ్లం. గోనె నుండి ఆవిరయ్యే తడి గూటిని చల్లబరుస్తుంది. గూడు చల్లబడితే కోడికి రొప్పు తగ్గుతుంది, రొప్పు తగ్గితే తాగే నీరు కూడా తగ్గుతుంది. ఒకే నీరు రెండు పనులకు వచ్చింది.

మే నెలలో గుడ్లు బాగా తగ్గాయి. ఎండలకు తగ్గడం సహజం. జూన్ నెలాఖరుకు తొలకరి పడేనాటికి పదికి పదీ బతికి ఉన్నాయి. పుస్తకాల డబ్బులో తక్కువ పడినదానిని అత్తమ్మ తన మూటలో నుండి ఇచ్చింది. రెండు పుస్తకాలు పాతవి కొన్నాము. ఆడబిడ్డ ఇంటికి పోయిన కోళ్లను తిరిగి తెప్పించుకోలేదు. మా పెరటికి ఎన్ని కోళ్లు తగునో నిర్ణయించేది గూటి వైశాల్యం కాదు, మేత ధర కాదు, మే నెలలో మేము పోయగల నీరు అని అప్పటి నుండి మా లెక్క.

సోదరీమణులారా! కోళ్లు పెంచాలని తలచేవారు ముందుగా గుడ్ల లెక్క వేస్తారు. దయచేసి నీటి లెక్క ముందు వేయండి. మీ ఇంటికి మంచినీరు ఎన్నాళ్లకొకసారి వస్తుంది? రోహిణి కార్తెలో మీ దగ్గర మిగిలేది ఎంత? అందులో అర లీటరు చొప్పున ఎన్ని ప్రాణులకు పోయగలరు? ఆ సంఖ్య ఎంతైతే అంత వరకే మీ కోళ్లు. మూడైతే మూడే. ముగ్గురికి కడుపునిండా పెట్టిన ఇల్లు, పదిమందిని పస్తుంచిన ఇంటికన్నా మేలైనది.

మన ఇళ్లలో నీటి పని ఆడవారిది, పిల్లలది. బిందె మోసే నడుముకే బిందె విలువ తెలుస్తుంది. ఆ విలువ తెలిసిన చేతులే నోరులేని ప్రాణి వాటాను కూడా మరువకుండా పక్కన పెట్టగలవు. వరుసలో ఎదురుచూచి తెచ్చుకున్న నీటిలో నుండి మూకుడు నింపే ప్రతి చేతికి అల్లాహ్ ప్రతిఫలం ప్రసాదించుగాక! మన ఊళ్ల బావులను, చెరువులను సకాలపు వానలతో నింపుగాక! ఆమీన్.